పగులుకు పూత మందు కాదు

శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలింది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన ఏడంతస్తుల గోపురం రాళ్లగుట్టగా మిగిలింది. అది చెప్పాపెట్టకుండా వచ్చిపడిన విపత్తు కాదు. గోపురంపై పగుళ్లు ముందే కనిపించాయి. అవి వెడల్పయ్యాక చుట్టుపక్కల వారిని ఖాళీ చేయించారు. దాదాపు అయిదు శతాబ్దాల కట్టడానికి మనం చేయగలిగిన ఆఖరి సేవ, దాని కిందనుంచి తప్పుకోవడం. 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది. పగుళ్ల పట్ల మన తీరు మాత్రం మారలేదు.

రాయి, ఇటుక, కాంక్రీటు బరువును మోస్తాయి గానీ లాగుడుకు ఓర్చుకోలేవు. కాంక్రీటుకు లాగుడును తట్టుకునే బలం, నొక్కుడును తట్టుకునే బలంలో సుమారు పదోవంతే. పగులు మొన దగ్గర ఒత్తిడి పోగుపడుతుంది. పగులు పొడవయ్యేకొద్దీ ఇంకా సాగడానికి తక్కువ బలం చాలని ఇంగ్లండు ఇంజనీరు గ్రిఫిత్ వందేళ్ల కిందటే గాజుపై ప్రయోగాలతో తేల్చాడు. ఏళ్లపాటు కదలని నెర్రె ఒక్క పెద్దవానకు, పునాది కాస్త కుంగినందుకు పరుగందుకునేది ఇందుకే.

మన ఎండల్లో పోసిన స్లాబుకు పైతడి గంటల్లో ఆరిపోతుంది. గట్టిపడకముందే వెంట్రుకవాసి నెర్రెలు పడతాయి. వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు తడపాలని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ట్యాంకరు నీళ్ల ఖర్చు మిగుల్చుకోవాలనుకునే కాంట్రాక్టరు మూడో రోజుకే గోనెపట్టాలు చుట్టేస్తాడు. ఆ నెర్రెల్లో దిగిన తడికి కమ్మి తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా రెట్టింపుకు పైగా చోటు కోరుతుంది, లోపలినుంచి కాంక్రీటును చీలుస్తుంది. పెచ్చులు ఊడతాయి. అప్పుడు బిల్లు పాసయ్యేది మరమ్మతుకు కాదు, సిమెంటు పూతకూ సున్నానికీ.

పగులు కదులుతోందో లేదో తెలుసుకోవడానికి కోట్లు అక్కర్లేదు. దానికి అడ్డంగా సన్నని గాజుపట్టీ అంటించి తేదీ రాస్తే చాలు. గాజు విరిగిందంటే పగులు సాగుతోందన్నమాటే. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ప్రతి బడికి, హాస్టలుకు, నీళ్లట్యాంకుకు, వంతెనకు, ఆలయానికి పగుళ్ల రిజిస్టరు తెరవాలి. ఏటా వానలకు ముందు కొలతలు తీసి, ఇంజనీరు సంతకంతో గోడమీదే ప్రకటించాలి. పగులు చూసి కూడా రంగుల బిల్లుపై సంతకం పెట్టిన అధికారే, రేపు ఆ కట్టడం కూలితే మొదటి ముద్దాయి.