మా యాప్‌లో సూట్ లేదు

"అజైల్ అంటే ఏమిటి? వాటర్‌ఫాల్ మోడల్‌తో పోల్చి రాయండి." పోయిన సెమిస్టర్‌లో ఈ ప్రశ్నకు నేను నాలుగు పేజీలు రాశాను. బాక్సులు గీశాను, బాణాలు పెట్టాను, స్ప్రింట్, బ్యాక్‌లాగ్, స్టాండప్ అన్నీ అండర్‌లైన్ చేశాను. మార్కులు బాగానే వచ్చాయి. అప్పటికి నేను చేసిన ఒక్క యాప్ కూడా మా టీమ్ ఫోన్లు దాటి బయటివాళ్ళ చేతిలోకి పోలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనం ప్రాజెక్టుల్లో చేస్తున్నది అజైల్ కాదు, అజైల్ మాటలతో రాసే రికార్డు. దానికి కారణం ల్యాప్‌టాప్‌లో ర్యామ్ తక్కువ కావడమో, టూల్స్ రాకపోవడమో కాదు. యాప్ ఎవరి కోసమో వాళ్ళ పక్కన కూర్చొని, వాళ్ళ తెలుగులో అడిగి తెలుసుకోకపోవడం. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి ఇది నన్ను నేను తిట్టుకోవడం కూడా.

మా మినీ ప్రాజెక్టు చీనీ రైతులకు ఒక లెక్కల యాప్. (చీనీ అంటే బత్తాయి. కోస్తా ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా.) టీమ్‌లో ముగ్గురం. నాది ప్రొద్దుటూరు, ఒకడిది జమ్మలమడుగు, మూడోవాడిది పులివెందుల దగ్గర పల్లె. వాళ్ళకు చీనీ తోట ఉంది, ఐడియా వాడిదే. ఒక రాత్రి రూమ్‌లో కూర్చొని పన్నెండు యూజర్ స్టోరీలు రాసేశాం. మొదటిది ఇది: "యాజ్ ఎ ఫార్మర్, ఐ వాంట్ టు ఎంటర్ వెయిట్ అండ్ రేట్, సో దట్ ఐ కెన్ సీ ద టోటల్." ఆ ఫార్మర్ ఎవరో కాదు, మంచం మీద పడుకొని చిప్స్ తింటున్న నేనే.

ఫ్లట్టర్‌లో రెండు వారాల్లో స్క్రీన్లు అయిపోయాయి. బరువు కొట్టు, రేటు కొట్టు, టోటల్ వస్తుంది. ఒక శనివారం నేను ప్రొద్దుటూరులో, వాడు జమ్మలమడుగులో బస్సెక్కి, ముద్దనూరులో కలిసి పులివెందుల బస్సు పట్టుకున్నాం. మా ఫ్రెండ్ వాళ్ళ నాన్నను చిన్నాయనా అంటాం. ఆయన ఫోన్‌లో యాప్ వేసి చేతికిచ్చాం. పది టన్నులు, టన్ను ఇరవై వేలు అని కొడితే రెండు లక్షలు చూపించింది. ఆయన కాసేపు చూసి అన్నాడు:

"బాగుండాది నాయనా. సూట్ యాడ పెట్టినారు?"

నాకు సూటు, బూటు తప్ప ఇంకోటి తెలీదు. సూట్ అంటే కాయ కొన్నప్పుడు వ్యాపారి తూకంలో తగ్గించుకునేది. ఆ కోతలో ఆయనకు టన్నుకు వంద కిలోలు పోయిందంట. అంటే పది టన్నులకు ఒక టన్ను. మా యాప్ ఇరవై వేలు ఎక్కువ చూపిస్తోంది. "మీ యాప్ నాకు దుడ్లు ఎక్కువిస్తాండాది. వ్యాపారి ఇయ్యాల కదా," అని నవ్వినాడు. మా ఫ్రెండ్ తల వంచుకున్నాడు. వాడికీ తెలీదు. ఆరో తరగతి నుంచి రెసిడెన్షియల్ స్కూల్, సొంత తోట లెక్క వాడికే కొత్త.

వచ్చే వారానికి సూట్ అని ఒక కాలమ్ పెట్టి, వెయ్యికి వంద తీసేసేలా కోడ్ రాసి మళ్ళీ పోయాం. ఈసారి అడిగినాడు, "వెయ్యికి వంద తీసేస్తారా, పదకొండు వందలకు వెయ్యి కడతారా?" రెండూ ఒకటే కదా అనుకున్నా. కాదు. మొదటి లెక్కలో పది టన్నులకు 9,000 కిలోలు వస్తాయి, రెండో లెక్కలో 9,090. కిలో ఇరవై రూపాయలైతే తేడా పద్దెనిమిది వందల పైనే. ఏది కరెక్ట్ చిన్నాయనా అంటే, "వ్యాపారిని బట్టి" అన్నాడు. ఒక్క ముక్క, మా డేటాబేస్ టేబుల్ మొత్తం మారిపోయింది.

ఇక్కడ కొంచెం చరిత్ర. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచు రిసార్ట్‌లో 17 మంది ప్రోగ్రామర్లు కలిసి అజైల్ మేనిఫెస్టో రాశారు. నాలుగు విలువలు, పన్నెండు సూత్రాలు. వాటిలో జిరా లేదు, స్టిక్కీ నోట్స్ లేవు. ఒక సూత్రం మాత్రం, పని తెలిసిన మనుషులూ డెవలపర్లూ ప్రాజెక్టు పొడుగునా రోజూ కలిసి పనిచెయ్యాలంటుంది. ఇంకొకటి, విషయం తెలుసుకోవడానికి ఎదురెదురుగా మాట్లాడుకోవడమే మేలైన దారి అంటుంది. ఇంకో తమాషా: మనం పరీక్షలో గీసే వాటర్‌ఫాల్ బొమ్మకు మూలం అని చెప్పే 1970 నాటి పేపర్‌లో విన్‌స్టన్ రాయిస్, అలా ఒకే వరుసలో చేసుకుంటూ పోతే రిస్క్ అని తనే రాశాడు. మనం బొమ్మ తీసుకున్నాం, హెచ్చరిక వదిలేశాం.

మరి మన రివ్యూలలో ఏం జరుగుతుంది? ఐదు స్ప్రింట్ల రిపోర్టులు ఒకే రాత్రి రాస్తాం, వెనక తేదీలు వేస్తాం. నేనూ వేశాను. స్పైరల్ బైండింగ్ ఎంత లావుంటే అంత ధైర్యం. మూడు రివ్యూలలో "ఇది ఎవరైనా వాడారా?" అని మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే మొదటి రివ్యూలోనే దొరికిపోయేవాళ్ళం.

సీనియర్లు వేరేలా చెప్తారు. "ఇదంతా టైమ్ వేస్ట్ రా, లీట్‌కోడ్ చెయ్. రేపు బెంగళూరులో టికెట్లన్నీ ఇంగ్లీష్‌లోనే ఉంటాయి." నిజమే, ఉంటాయి. ఉద్యోగం నాకూ కావాలి, మా ఇంట్లో ఎడ్యుకేషన్ లోన్ ఉంది. కానీ ఆ టికెట్ రాకముందు ఎవరో ఒకరు ఇంకొకరి మాట సరిగ్గా విని ఉండాలి కదా. విన్నది తప్పైతే ఎంత మంచి అల్గారిథమ్ అయినా తప్పు జవాబునే ఫాస్ట్‌గా ఇస్తుంది. మా మొదటి వెర్షన్ ఒక్క సెకను కూడా తీసుకోలేదు, ఇరవై వేలు తప్పు చూపించడానికి.

భాష సంగతికొస్తే, ఆండ్రాయిడ్‌లో తెలుగు మాటలకు వేరే ఫోల్డర్ ఉంటుంది, వాల్యూస్-టీఈ అని. ఫ్లట్టర్‌లోనూ దానికి తగ్గ ఏర్పాటుంది. మేము లాస్ట్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకుందాంలే అని వదిలేశాం. మూడోసారి పోయినప్పుడు, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసిన "నికర మొత్తం" చూసి చిన్నాయన ఫోన్ కొడుకు చేతికిచ్చి, "నువ్వే చదువు" అన్నాడు. దాన్ని "చేతికొచ్చేది" అని మార్చాక మళ్ళీ తీసుకున్నాడు. కడపలో పనిచేసిన బ్రౌన్ దొర పండితులను పక్కన కూర్చోబెట్టుకొని ప్రతులు పోల్చి చూశాడు. వేమన పద్యాలు 1829లో 693 వేసి, 1839లో 1,164తో మళ్ళీ వేశాడు. ఆయనా మొదటి వెర్షన్‌తో ఆగలేదన్నమాట. ఆయనకు తెలుగు నేర్చుకున్న భాష. మనకు ఇంట్లో మాట్లాడే భాష, అయినా అడగడానికి మొహమాటం.

కాబట్టి నేను అడిగేది చిన్నది. మినీ ప్రాజెక్టు మార్కుల్లో డాక్యుమెంట్ మార్కులు కొన్ని తీసి, యాప్‌ను బయటివాళ్ళ చేతికి ఎన్నిసార్లు ఇచ్చారు, తర్వాత ఏం మార్చారు అన్నదానికి ఇవ్వండి. యూజర్ స్టోరీలు వాళ్ళ మాటల్లోనే, తెలుగులోనే రాయనివ్వండి. దీనికి కొత్త ల్యాబ్ అక్కర్లేదు, బస్సు చార్జీలుంటే చాలు. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళున్నాయి, జమ్మలమడుగులో మగ్గాలున్నాయి. తరుగు, మజూరీ ఎట్లా లెక్క కడతారో మన క్లాసులో ఎంతమందికి తెలుసు? నాకైతే తెలీదు, ఆ వీధిలోనే పెరిగినా.

మూడోసారి వచ్చేటప్పుడే ఇంకోటి బయటపడింది. మేం బ్యాగులు తగిలించుకుంటుంటే, అంతవరకూ మాకు టీలు ఇస్తూ ఉన్న చిన్నమ్మ ఒక పాత లాంగ్ నోట్‌బుక్ తెచ్చింది. ఆ ఇంట్లో లెక్కలు రాసేది ఆమె. తేదీ, వ్యాపారి, కాటా, సూట్, కోత కూలి, చివర్లో ఎర్ర పెన్నుతో బాకీ. "చేతికొచ్చేది సరే, ఇంకా రావాల్సింది యాడ చూపిస్తారు?" అంది. మా పన్నెండు స్టోరీల్లో ఆమె లేదు, బాకీ లేదు. నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసుకున్నాం. రిపోర్ట్ సబ్‌మిట్ చేసేశాం, మార్కులు కూడా పడ్డాయి, బాకీ స్క్రీన్ మాత్రం ఇంకా సగంలోనే ఉంది. ఈ శనివారం ముద్దనూరులో మళ్ళీ కలుస్తున్నాం.