మనం పారబోసే నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

మాది కట్టంగూర్. నాన్న రెండు బోర్ల మీద పత్తి, కొంచెం వరి పండిస్తాడు. అమ్మ పుట్టిల్లు కేతేపల్లి దిక్కు, మూసీ ప్రాజెక్టు కాలువ కింద. చిన్నప్పుడు మా మామ పొలం చూస్తే నాకు అసూయగా ఉండేది. ఎండాకాలం మా బోరు గుక్కెడు పోసి ఆగిపోతే వాళ్ల కాలువలో నీళ్లు పారుతుండేవి. డిగ్రీలో చేరి నగరానికి వచ్చిన తర్వాత గాని ఆ నీళ్లు ఎవరివో నాకు తెలియలేదు. అవి మనవే. మన హాస్టల్ మోరీలోవి.

విద్యార్థి మిత్రులు దీన్ని వేళాకోళం అనుకోవద్దు. 2004 నుండి హైదరాబాదుకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అక్కంపల్లి రిజర్వాయరు నుండి తీసి, కోదండాపురంలో శుద్ధి చేసి పంపుతారు. మూడు దశలూ కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్ల పథకం. ఈ రెండు ఊళ్లూ నల్లగొండ జిల్లాలోవే. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్లు లెక్క కడతారు. అది శుద్ధి అయినంత అయి, కానంత అట్లాగే మూసీలో కలిసి, వలిగొండ మీదుగా కత్వలు దాటుకుంటూ, 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టుకు చేరుతుంది. అక్కడి నుండి మామ మడిలోకి. మంచినీళ్లు పంపిన జిల్లాకే మురికినీళ్లు తిరిగి వస్తున్నాయి!

మామ ఏమంటాడంటే, "ఈ నీళ్లు లేకుంటె పంట లేదు అల్లుడా, ఉంటె కాళ్ల దురద పోదు." అమ్మమ్మ పెండ్లయి వచ్చిన కొత్తలో మూసీ ఇసుకలో చెలిమె తీసి ఆ నీళ్లే తాగేవారట. ఇప్పుడు చేతులు కడగడానికి కూడా వెనకాడుతుంది. నల్లగొండ వాళ్లకు నీళ్ల కష్టం కొత్త కాదనుకోండి. ఫ్లోరైడ్ మా బండల్లో నుంచి వచ్చింది, ఎవరినని తిడతాం? 1970లలో నీరీ శాస్త్రజ్ఞులు పటిక, సున్నంతో దాన్ని తీసే పద్ధతి కనిపెడితే, దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరొచ్చింది. మూసీ కష్టానికి మాత్రం బాధ్యులున్నారు.

అయితే మురుగంతా విషమని నేను అనను. మామ కూడా ఆ కాలువ బందు పెట్టమని అడగడు. ఇళ్ల మురుగులో నత్రజని, భాస్వరం ఉంటాయి, అవి పైరుకు బలం. అన్నం గంజిని, మలినాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి. కత్వల దగ్గర నీళ్లు నిలిచి కొంత తేట పడతాయి కూడా. ఉప్పులు, సీసం, క్రోమియం అట్లా పోవు. సూక్ష్మజీవులకు అవి తిండి కాదు, ఎక్కువైతే వాటినే చంపుతాయి. ఇళ్ల నీళ్లను, రసాయనాల నీళ్లను ఒకే మోరీలో కలపడమే అసలు తప్పని నా అభిప్రాయం. కలిపిన మరుక్షణం ఎరువు కావలసింది కూడా పాడైపోతుంది.

పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలం శుద్ధి చేసే కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నదట. మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు! 2021లో నగరానికి 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు మంజూరు చేశారు. సంతోషమే. కాని అక్కడ పని చేయవలసింది సూక్ష్మజీవులే గదా, వాటి మీద మందు పోస్తే ఎట్లా?

ఫ్యాక్టరీలను తిట్టడం మనకు తేలిక. మరి మన కెమిస్ట్రీ ల్యాబు సంగతి? సాల్ట్ అనాలిసిస్ అయిపోగానే సీసం, పాదరసం లవణాలు, డైక్రోమేటు, మిగిలిన ఆమ్లం అన్నీ సింకులోకే. నేనూ పోసినవాణ్ణే. ఇదేమిటని అటెండరును అడిగితే, "ముప్పై ఏండ్ల నుంచి గిట్లనే పోస్తున్నం బాబూ" అని నవ్విండు. మెస్సులో కాగిన నూనె కూడా మోరీకే. అది నీటి మీద తెట్టెలా కట్టి గాలి చొరనివ్వదు. గడువు తీరిన మాత్రలు పాయిఖానాలో వేసేవాళ్లు మా అంతస్తులోనే ఉన్నారు. హోటళ్లు, బండ్లు కడిగే షెడ్లు చేసేదీ ఇదే, కాకపోతే డ్రమ్ముల లెక్కన.

యూనియన్ నాయకులకు నా విన్నపం ఒక్కటే. ల్యాబులో మూడు మూత డబ్బాలు పెట్టించండి: ఒకటి సీసం, పాదరసానికి, ఒకటి క్రోమియానికి, మూడవది సేంద్రియ ద్రావకాలకు. క్రోమియాన్ని ఫెర్రస్ సల్ఫేటుతో క్షయకరణం చేసి, సున్నంతో అవక్షేపంగా దించే పని సెకండియర్ వాళ్లకే ప్రాక్టికల్‌గా ఇవ్వవచ్చు, మాస్టార్లు ఆలోచించాలి. మిగిలింది దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఏడాదికొకసారి పంపవచ్చు. మెస్సు నూనెకు ఒక డబ్బా వేరే. డబ్బాల ఖర్చు మొన్న వార్షికోత్సవ వేదికకు కట్టిన పూలదండల కంటే ఎక్కువ కాదు.

సంక్రాంతికి మామ అరబస్తా బియ్యం పంపిండు. హాస్టల్ గదిలో నలుగురం వండుకొని తింటున్నాం. అవి ఏ నీళ్లతో పండినయో వాళ్లకు ఇంకా చెప్పలేదు.