గ్రామాల్లో నగదు సాయం పంపిణీపై తీర్మానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పింఛనుదారులు, ఉపాధి కూలీల ఉమ్మడి సభ ఈ కింది విధంగా ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఈ సభ గుర్తిస్తున్నది: 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో డయాలసిస్‌పై ఉన్నవారికి 10,000 రూపాయలు ఇస్తున్నారు. వచ్చే నెలా వస్తుందన్న నమ్మకంతోనే కిరాణా కొట్టులో అరువు పుడుతున్నది, మందులు ఆగకుండా నడుస్తున్నాయి. విరాళం ఎంత పెద్దదైనా ఈ నమ్మకాన్ని ఇవ్వలేదు.

ఈ సభ గుర్తిస్తున్నది: కెన్యాలో గివ్‌డైరెక్ట్లీ సంస్థ పేద కుటుంబాలకు షరతులు లేకుండా సెల్‌ఫోన్ ద్వారా డబ్బు పంపింది. ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పాల్ నీహాస్, ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, సందీప్ సుఖ్తాంకర్‌లతో కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ స్మార్ట్‌కార్డు చెల్లింపులను పరిశీలించారు. విజయనగరం సహా 8 జిల్లాల్లో, 157 మండలాల్లో జరిగిన ఆ అధ్యయనంలో ఉపాధి వేతనాలు త్వరగా అందినట్టు, మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గినట్టు తేలింది. కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లింపు ఆపలేదు. సర్కారు తలచుకుంటే ఏ సంస్థకూ తీసిపోకుండా పంచగలదనడానికి విజయనగరం జిల్లాయే సాక్ష్యం.

ఈ సభ విచారం వ్యక్తం చేస్తున్నది: 2024 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం ఆదేశంతో గ్రామ వలంటీర్లు పింఛన్ల పంపిణీకి దూరమైనప్పుడు, ముసలివారు ఎండలో సచివాలయాల దాకా నడవాల్సి వచ్చింది. మరుసటి నెల బ్యాంకుల ముందు నిలబడ్డారు. ప్రత్యామ్నాయాన్ని ముందే సిద్ధం చేసి ఉండాల్సింది.

ఈ సభ విచారం వ్యక్తం చేస్తున్నది: 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. తోట నష్టానికి లెక్కగట్టే పరిహారం యజమానికి చెందుతుంది. ఆ తోటల్లో పనికి వెళ్లేవారి దినకూలి ఆ లెక్కలోకి రాదు.

ఈ సభ తీర్మానిస్తున్నది: పింఛను, ఉపాధి వేతనం ప్రభుత్వ బాధ్యతగానే కొనసాగాలి. వాటి పంపిణీని స్వచ్ఛంద సంస్థలకు అప్పగించే ఏ ప్రతిపాదననూ సభ అంగీకరించదు.

ఈ సభ తీర్మానిస్తున్నది: డబ్బు ఇచ్చేటప్పుడు వేలిముద్ర పడలేదని ఎవరినీ తిప్పి పంపరాదు. జీడిపిక్కలు వలిచిన చేతుల్లో గీతలు మిగలవు. పంచాయతీ కార్యదర్శి సంతకం, ఇద్దరు ఇరుగుపొరుగువారి సాక్ష్యంతో ముందు డబ్బు చేతికివ్వాలి. ధ్రువీకరణ తరువాత చేసుకోవచ్చు. సిగ్నల్ అందని కొండ గూడేలకూ ఇదే నియమం వర్తించాలి.

ఈ సభ తీర్మానిస్తున్నది: తుపాను వచ్చిన తొలి రోజుల్లో స్వచ్ఛంద సంస్థల సాయాన్ని ఆహ్వానిస్తాం. అది వస్తు రూపంలో కాక నగదుగా ఉండాలి. దెబ్బతిన్న ప్రతి ఇంటికీ, భూమి లేని ఇంటికి ముందుగా, చేరాలి. జాబితాను గ్రామసభలో చదవాలి. తీసుకునేవారి ఫొటోలు తీయరాదు. ఉపాధి హామీలో 2006 నుంచి రాష్ట్రంలో జరుగుతున్న సామాజిక తనిఖీ ఈ సొమ్ముకూ జరగాలి.

ఈ తీర్మానం ప్రతులను రెండు జిల్లాల కలెక్టర్లకు, మండల పరిషత్తులకు, ఈ జిల్లాల్లో సాయం అందిస్తున్న సంస్థలకు పంపాలని సభ నిర్ణయించింది.