పరుగులో నడక

పరుగెత్తి పాలు తాగేకంటె నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు మన పెద్దలు. ఈ సామెతను మన ఇళ్లలో ఎంత శ్రద్ధగా పాటిస్తున్నామంటే, ఇప్పుడు నిలబడడం కూడా మానేశాం. నీళ్లు సోఫా దగ్గరికే వస్తున్నాయి. ఆఫీసులో కుర్చీ, దారిలో స్కూటరు, మేడమీదికి లిఫ్టు, ఇంటికొస్తే టీవీ ముందు మళ్లీ కుర్చీ. పెళ్లయిన నాటినుంచి ఒక్క నిమిషం పరుగెత్తి ఎరగని ఆడవాళ్లు మీ వీధిలో ఎంతమంది వున్నారో లెక్కపెట్టి చూడండి. మగవారూ తక్కువ తినలేదు. చాలామందికి ఆఖరి పరుగు, కదిలిపోతున్న రైలు వెనక పెట్టిన పరుగే.

"ఏళ్ల తరబడి కదలని మనిషి మళ్లీ పరుగు మొదలుపెట్టవచ్చునా? పెడితే ఎలా?" అని ఇద్దరు ముగ్గురు చదువరులు ఉత్తరాలు రాశారు. పెట్టవచ్చును. అయితే ఆ విద్యలో మొదటి పాఠం పరుగు కాదు, నడక.

పరుగంటే కుర్రవాళ్ల పందెమే అని లోకం అనుకునే రోజుల్లో, న్యూజీలాండులో ఆర్థర్ లిడియర్డ్ అనే శిక్షకుడు వుండేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్, ముర్రే హాల్బర్గ్ బంగారు పతకాలు తెచ్చారు. ఆయనే నడివయసు వాళ్లనూ, గుండెజబ్బు పడి లేచినవాళ్లనూ పోగుచేసి, తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ పరుగెత్తించాడు. 1962 చివర బిల్ బోవర్మన్ అనే అమెరికన్ కోచ్ ఆ వింత చూడడానికి వెళ్లాడు. అప్పటికాయనకు 51 ఏళ్లు. పేరున్న పరుగువీరులను తయారుచేసిన మనిషి. సరదాకని వాళ్లతో బయలుదేరి, డెబ్బయి దాటిన ఒక పెద్దమనిషిని కూడా అందుకోలేక రొప్పుతూ వెనకబడ్డాడట. తిరిగి వెళ్లి తమ వూళ్లో మామూలు జనానికి ఈ నెమ్మది పరుగు నేర్పాడు. 1967లో ఒక గుండె వైద్యునితో కలిసి 'జాగింగ్' అనే పుస్తకం కూడా వేశాడు. పరుగును నేర్పేవాడే పరుగెత్తలేకపోయాడంటే, మనం సిగ్గుపడవలసిన పనిలేదు.

ఇప్పుడు ఎక్కువమంది అనుసరించే పద్ధతి 1996లో వచ్చింది. జాష్ క్లార్క్ అనే అమెరికా యువకుడు, యాభై దాటిన తల్లిని కూర్చున్న చోటునుంచి లేపాలని తయారుచేసిన పట్టిక అది. పేరు 'కౌచ్ టు ఫైవ్ కె'. సోఫామీద నుంచి ఐదు కిలోమీటర్ల దాకా అన్నమాట. తొమ్మిది వారాలు, వారానికి మూడే రోజులు, రోజుకు అరగంట.

మొదటివారం ఇలా వుంటుంది. ముందు ఐదు నిమిషాలు చురుగ్గా నడవాలి. ఆ తరువాత ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక. ఇలా ఇరవై నిమిషాలు. కలిపి చూస్తే పరుగు ఎనిమిది నిమిషాలే. రెండోవారం నిమిషంన్నర పరుగు, రెండు నిమిషాల నడక. మూడోవారానికి మూడు నిమిషాల పరుగు వస్తుంది, నాలుగోవారానికి ఐదు. ఐదోవారం మూడోరోజున నడక మాయమై, ఏకబిగిని ఇరవై నిమిషాలు పరుగెత్తమంటుంది. తొమ్మిదోవారానికి అది అరగంట అవుతుంది. ఆ అరగంటలో ఐదు కిలోమీటర్లు రాకపోవచ్చు. మూడున్నరే రావచ్చు. ఫరవాలేదు, మనల్ని ఎవరూ తరమడం లేదు.

మధ్యలో వచ్చే ఆ నడక ఓటమి కాదు, అదే అసలు మందు. ఊపిరి, గుండె కొద్దివారాల్లోనే కొత్త పనికి అలవాటుపడతాయి. ఎముకలకూ, కండను ఎముకకు పట్టివుంచే కట్లకూ నెలలు కావాలి. అంచేత మూడోవారంలో మనసు "ఇంకా పరుగెత్తు" అంటుంది, కాళ్లు మాత్రం ఇంకా సిద్ధంకావు. మా మరిది మొదటిరోజునే కాలేజీ నాటి వేగం చూపించి, పదిరోజులు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాడు. రోజు విడిచి రోజు అన్నది బద్ధకస్తుల కోసం పెట్టిన నియమం కాదు. కాళ్లు గట్టిపడేది ఆ సెలవు రోజునే.

వేగం ఎంత? దానికి యంత్రం అక్కర్లేదు. పరుగెత్తుతూ పక్కవారితో ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. రెండు మాటలకే ఆయాసం వస్తే వేగం ఎక్కువైనట్టు. అన్నమయ్య కీర్తన ఒకటి రాగంతో సహా పాడగలిగితే, కొంచెం పెంచవచ్చు.

నా సంగతి చెబుతాను. యాభై రెండో ఏట, షుగరు రిపోర్టు చూసి డాక్టరుగారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టినప్పుడు నేను ఈ పని మొదలుపెట్టాను. మందుబిళ్లకు నేనేమీ జంకలేదు. నా కళ్లముందు మా అమ్మ మెదిలింది. చివరి నాలుగేళ్లూ ఆవిడ మంచంమీద నుంచి కుర్చీలోకి రావాలన్నా ఎవరో ఒకరు చెయ్యి అందించవలసి వచ్చేది. "నన్ను లేపమ్మా" అని అడగడానికి ఆవిడ పడిన మొహమాటం నేను చూశాను. నాకు పతకాలు అక్కర్లేదు. డెబ్బయ్యో ఏట పూజగదిలో పీటమీద నుంచి నా అంతట నేను లేవగలిగితే చాలు.

మా వీధి చివర హైస్కూలు గ్రౌండులో, పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ నడుముకు బిగించి బయలుదేరాను. మొదటి నిమిషం పూర్తికాకుండానే, వాకింగుకు వచ్చిన పెద్దాయన ఒకరు ఆప్యాయంగా "ఏమ్మా, బస్సు తప్పిపోయిందా?" అన్నారు. "లేదు బాబాయిగారూ, బస్సెక్కకుండా వుండాలని" అన్నాను. తరువాత ఆయనే రోజూ "ఇవాళ ఎన్ని నిమిషాలమ్మా?" అని లెక్క అడిగేవారు. తొమ్మిది వారాల పట్టిక నాకు పద్నాలుగు వారాలు పట్టింది. నాలుగోవారాన్ని మూడుసార్లు చేశాను. పట్టికలో వారం మళ్లీ చేయకూడదని ఎక్కడా లేదు. ఐదోవారం ఇరవై నిమిషాలకు ముందురోజు రాత్రి నిద్రపట్టలేదు. తీరా చూస్తే, నెమ్మదిగా వెళ్లిన కాళ్లు అలాగే వెళ్లిపోయాయి. ఆ సాయంత్రం మూడంతస్తుల మెట్లు ఎక్కి, పైన ఆగకుండా తాళం తీశాను. ఎవరూ చూడలేదు.

"మోకాళ్లు అరిగిపోతాయమ్మాయ్" అని మా వదిన హెచ్చరించింది. ఈ మాట మీరూ వింటారు. 2017లో అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు, మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల సరదాకు పరుగెత్తేవారిలో 3.5 శాతం మందికి, పరుగెత్తకుండా కూర్చునేవారిలో 10 శాతం పైచిలుకు మందికి కనిపించింది. పోటీల కోసం పరుగెత్తేవారిలో మాత్రం 13 శాతం దాటింది. పరుగే కీళ్లను కాపాడిందని దీన్నిబట్టి చెప్పలేం గాని, మితమైన పరుగు మోకాళ్లను తినేస్తుందన్న భయం మాత్రం వదులుకోవచ్చు. ఇప్పటికే అరిగిన మోకాళ్లవారు డాక్టరును అడిగి, నడకతోనే సరిపెట్టుకోవాలేమో తెలుసుకోవాలి.

కొన్ని జాగ్రత్తలు. నలభై దాటినవారు, రక్తపోటు, షుగరు, గుండెజబ్బు వున్నవారు ముందుగా డాక్టరుకు చూపించుకోండి. పరుగులో ఛాతీ బిగపట్టినా, తల తిరిగినా, ఎడమచెయ్యి లాగినా వెంటనే ఆగి వైద్యం చేయించుకోవాలి. "గ్యాసేమో" అని సర్దుకోవద్దు. ఇన్సులిన్ గాని, షుగరును బాగా దించే మాత్రలు గాని వాడేవారు జేబులో కాస్త పంచదారో, గ్లూకోజు బిళ్లలో వుంచుకోవాలి. ఇంటికొచ్చాక పాదాలు చూసుకోవాలి. ఖర్చంటూ పెడితే బూట్లకు పెట్టండి, మిగతావి వున్నవే చాలు. మన ఎండల్లో వేసవిలో మొదలుపెట్టడం దండగ. కార్తీకమాసం మంచి ముహూర్తం. తెల్లవారి చల్లగా వుంటుంది, తొమ్మిది వారాలూ శివరాత్రి లోపల గడిచిపోతాయి.

ఇక ఇల్లాళ్లకు అసలు అడ్డంకి కాళ్లు కావు, ఆ అరగంట. పాలవాడు, టిఫిను డబ్బాలు, స్కూలు బస్సు, అన్నీ ఆ వేళకే. మా ఇంట్లో ఆ మూడు రోజులూ మావారే డికాక్షను వేస్తున్నారు. మొదట నీళ్లలా వుండేది, ఇప్పుడు నాకంటె బాగా వేస్తున్నారు, మూడురోజులకే పరిమితం చేయడం ఆయనకే నచ్చడం లేదు. అడిగితే దొరికే అరగంటను అడక్కుండా పోగొట్టుకోవద్దు. పిల్లలకు చెప్పండి, మగవారికి చెప్పండి, గడియారం కేసి చూసి చెప్పండి.

షుగరు తగ్గిందా అంటే, కొంత తగ్గింది. మందు మానలేదు, మానమని డాక్టరుగారూ అనలేదు. కాని పీటమీద నుంచి లేవడానికి గోడకేసి చూడడం మానేశాను.

మీకు రేపు తెల్లవారుజామున కావలసింది ఒక్క నిమిషం. మీకు చేతనైనంత నెమ్మదిగా పరుగెత్తండి, నిమిషం కాగానే నడవండి. ఎవరైనా నవ్వితే మీరూ నవ్వండి. నవ్వడానికి ఊపిరి మిగిలిందంటే, వేగం సరిపోయినట్టే.