లెక్కల పుస్తకం ఎవరింట్లో ఉంది?

మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో నాయకుడంటే సూటూ బూటూ వేసుకుని పెద్ద బల్ల వెనక కూర్చునే మగవాడే. దూరవిద్యలో ఆ కోర్సు చదివినన్నాళ్లూ నా కళ్లముందు ఆ బొమ్మే కదిలేది. "అప్పడాలు వత్తుకునే మనకెందుకొచ్చిన చదువు ఇదంతా" అని మా తోటికోడలు వేళాకోళం చేసేది. తీరా చూస్తే ఆ పాఠాలన్నిట్లో నా మనసుకు పట్టింది అప్పడాల కథే.

1959 మార్చి 15. బొంబాయి గిర్‌గావ్‌లో ఒక భవనం డాబా మీద ఏడుగురు గుజరాతీ ఇల్లాళ్లు చేరారు. ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ అనే పెద్దాయన దగ్గర 80 రూపాయలు అప్పు తీసుకుని సరుకులు కొన్నారు. ఆ రోజు తయారైనవి నాలుగంటే నాలుగు ప్యాకెట్లు. తెలిసిన వ్యాపారికి అమ్మారు. అదే తర్వాత 'లిజ్జత్' అయింది. ఇవాళ అందులో నలభై వేలమందికి పైగా మహిళలున్నారు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ప్రకటించారు.

ఏడుగురు, 80 రూపాయలు... ఇంతవరకూ చెప్పి చప్పట్లు కొట్టించి వదిలేస్తుంటారు. అసలు సంగతులు ఆ తర్వాతే ఉన్నాయి. మొదట్లో వీళ్లు మేలురకం, చౌకరకం అని రెండు రకాలు చేసేవారు. పారేఖ్ వద్దన్నారు. ఒకటే రకం చెయ్యండి, అది బాగా చెయ్యండి, లెక్కలు మాత్రం పక్కా వ్యాపారంలా రాయండి అన్నారు. నష్టం వచ్చినా సరే, ఎవరి ముందూ విరాళానికి చెయ్యి చాపకూడదని వాళ్లు నియమం పెట్టుకున్నారు. ఆడవాళ్ల సంఘం అనగానే పాపం అని జాలిపడే లోకంలో ఇది చిన్న మాట కాదు.

మొదటి సంవత్సరం వానలకు అప్పడాలు ఎండక నాలుగు నెలలు పని ఆపేశారు. మరుసటి ఏడు ఒక మంచం, ఒక స్టౌ కొన్నారు. మంచం మీద అప్పడాలు, కింద స్టౌ! పని ఆగలేదు. దీనికి పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లున్నాయి. బాలింత ఉన్న ఇంట్లో వానాకాలం పిల్లల గుడ్డలు కుంపటి సెగకు ఆరబెట్టిన మనకి ఆ పేర్లు తెలియకపోయినా పని తెలుసు.

పొద్దున్నే వెళ్లి కలిపిన పిండి తెచ్చుకోవడం, ఇంట్లో వత్తి ఆరబెట్టడం, మర్నాడు అప్పగించి డబ్బు చేత్తో పుచ్చుకోవడం... ఇదీ లిజ్జత్ పద్ధతి. అప్పడాలు వత్తే ప్రతి మనిషీ అందులో యజమానే. లాభంలోనూ వాటా, నష్టంలోనూ వాటా. మగవాళ్లు జీతానికి పని చేయొచ్చుగానీ సభ్యులు కాలేరు. సంస్థను నడిపే 21 మంది కమిటీ కూడా ఈ అక్కచెల్లెళ్లలోంచి వచ్చేదే.

ఇది చదువుతుంటే నా ఆలోచన మన పొదుపు సంఘాల మీదికి పోయింది. 1992లో నెల్లూరు జిల్లాలో సారా మీద తిరగబడిన ఆడవాళ్లే ఆ తర్వాత రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. ఇప్పుడు సంఘం లేని ఊరు ఉందా? సంతోషమే. కానీ ఒక్కసారి మీ సంఘంలో చూడండి. లెక్కల పుస్తకం ఎవరింట్లో ఉంది? ఎన్నేళ్లుగా ఉంది? చాలాచోట్ల మొదటి లీడరు ఏళ్ల తరబడి ఒక్కరే. బ్యాంకువాళ్లకు తెలిసింది ఆవిడ మొహమే. మిగతావాళ్లు చూపించిన చోట సంతకం పెట్టి వచ్చేస్తారు. కొన్నిచోట్ల పుస్తకం రాసేది లీడరు కూడా కాదు, లీడరుగారి భర్త! ఆవిడ మంచిది కాదని నేననడం లేదు. మంచిదే కావచ్చు. ఆవిడ జ్వరమొచ్చి మంచమెక్కితే సంఘం కూడా మంచమెక్కుతోంది, అదీ నా బాధ.

అడిగితే "మిగతావాళ్లకి లెక్కలు రావండీ" అంటారు. 1974లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ వెంట నడిచిన 4,000 మంది మహిళలు మనిషికి పది రూపాయలు వేసుకుని 'సేవా' బ్యాంకు పెట్టుకున్నారు. కూరలమ్మేవాళ్లు, పాతబట్టలమ్మేవాళ్లు. ముందుండి నడిపినవాళ్లలోనే సంతకం రానివాళ్లున్నారు. రిజిస్ట్రేషన్ కోసం రాత్రంతా కూర్చుని తమ పేరు రాయడం నేర్చుకున్నారు. చదువురాని ఖాతాదారులకు ఫొటో అతికించిన పాసుపుస్తకాలిచ్చారు. రాదని పక్కన కూర్చోబెట్టలేదు.

ఇంద్రా నూయీ సంగతి కూడా ఒక మాట. పెప్సికో అధిపతిగా ఉన్నప్పుడు తన కింది పెద్ద అధికారుల తల్లిదండ్రులకు, మీ బిడ్డను మాకిచ్చినందుకు కృతజ్ఞతలంటూ ఉత్తరాలు రాసేవారు. నాకది ఎంతో నచ్చింది. కంపెనీ ప్రెసిడెంటయిన రాత్రి ఆ కబురు చెబుదామని ఇంటికొస్తే, వాళ్లమ్మ ముందు వెళ్లి పాలు తెమ్మన్నారట. ఎంత ఎదిగినా అణకువగా ఉండాలని ఈ కథను చెప్పుకుంటారు. అల్లుడు అప్పటికే ఇంట్లో ఉన్నాడు కదా, ఆయన్ని పంపొచ్చుగా అని నాకనిపిస్తుంది. అణకువ పాఠాలు మనకే ఎందుకు ఎక్కువ చెబుతారో!

మాకు తెలిసిన ఒక సంఘంలో ఈ మధ్య ఒక అలవాటు పెట్టుకున్నారు. నెలకొకరు చొప్పున లెక్కలు పైకి చదవాలి. మొదటి నెల కూడబలుక్కుని చదివేసరికి రెండు గంటలు పట్టింది. మూడో నెలలో ఒకావిడ వడ్డీలో పన్నెండు రూపాయల తేడా పట్టుకుంది. లీడరు ఏమనుకుంటుందోనని అందరూ బిక్కుబిక్కుమంటూ చూశారు. ఆవిడ పెన్ను తీసి దిద్దేసి, "ఇంకేం, నేను నిశ్చింతగా మా అమ్మాయి పురుటికి వెళ్లొస్తాను" అంది. వెళ్లి రెండు నెలలుండి వచ్చింది. ఆ రెండు నెలలూ వాయిదాలు ఆగలేదు.