అరవైలో తెరిచే దుకాణానికి పెట్టుబడి ఏది?

పదవీ విరమణ అనే మాట మన బస్తీలలో చాలామందికి వర్తించదు. పంక్చర్ దుకాణం నడిపేవారికి, దర్జీకి, తోపుడుబండిపై పండ్లు అమ్మేవారికి పూలదండ వేసి, పింఛను కాగితం చేతికిచ్చి పంపే యజమాని ఎవరూ ఉండరు. ముస్లిం శ్రామికులలో దాదాపు 61 శాతం మంది స్వయం ఉపాధిపైనే ఆధారపడి ఉన్నారని 2006లో సచార్ కమిటీ తేల్చింది. వారికి వార్ధక్యంలోనూ తమ చేతులే దిక్కు.

గల్ఫ్ నుంచి 58వ ఏట తిరిగివచ్చే కరీంనగర్ వాసినో, కడప వాసినో తలచుకోండి. ఏసీ మరమ్మతు క్షుణ్ణంగా తెలుసు. దాచిన సొమ్ము బిడ్డల పెళ్లిళ్లకు, ఇంటి కప్పుకు అయిపోయింది. చిన్న మరమ్మతు దుకాణం పెడదామంటే తెలంగాణలో 2025 నాటి రాజీవ్ యువ వికాసం పథకం వ్యవసాయేతర యూనిట్లకు 55 ఏళ్ల వద్దే గీత గీసింది. వ్యవసాయ అనుబంధ యూనిట్లకు మాత్రం 60 వరకు అవకాశమిచ్చింది. సెంటు భూమి లేని పట్టణ ముస్లింకు ఆ అయిదేళ్ల వెసులుబాటు ఎందుకు? పేరులోనే ‘యువ’ ఉంది కదా అంటారేమో. సరే, మరి పెద్దలకు వేరే పథకమేదీ?

వృద్ధాప్య పింఛను ఉన్నది కదా అనే సమాధానం మాకు తృప్తినివ్వదు. పింఛను హక్కే, దానిని తగ్గించి మాట్లాడము. అయితే పని చేయగల మనిషికి పనిముట్టు కూడా కావాలి.

కేంద్రం 2023లో ప్రారంభించిన పీఎం విశ్వకర్మకు గరిష్ఠ వయోపరిమితి లేదు. పూచీకత్తు లేకుండా తొలి విడత లక్ష, మలి విడత 2 లక్షల రూపాయల రుణం లభిస్తుంది. మెచ్చుకోవలసినదే. కానీ అందులోని 18 వృత్తులలో దర్జీ, వడ్రంగి, తాళాలు చేసేవారు ఉన్నారు గానీ, లాడ్ బజార్ లక్క గాజుల పనివారు, జర్దోజీ పనివారు లేరు. పైగా 5 శాతం వడ్డీ. వడ్డీ జోలికి పోరాదని జీవితమంతా నిష్ఠగా గడిపిన పెద్దలు ఆ దరఖాస్తు వద్దే ఆగిపోతారు. వారిది చాదస్తమని అధికారులు నవ్వితే సమస్య తీరదు. మైనారిటీ ఆర్థిక సంస్థలు వడ్డీ లేని రుణాన్ని 65 ఏళ్ల వరకు ఇవ్వాలని మేము డిమాండ్ చేస్తున్నాము.

ఇక మన సంగతి. మన బైతుల్ మాల్‌లు రమజానులో రేషన్ సంచులు పంచి తృప్తి పడుతున్నాయి. నలభై ఏళ్లు జర్దోజీ కుట్టి చూపు మందగించిన ఒక తల్లికి సూది ఇక పనికిరాదు. అయితే వస్త్రాల నాణ్యత, బేరం, గిరాకీ ఆమెకు తెలిసినంతగా కోడళ్లకు తెలియవు. అయిదారుగురు అమ్మాయిలకు పని నేర్పి, కుట్టించి, తానే అమ్ముకోగలదు. అందుకు కావలసినది రెండు మగ్గాలు, కొంత సరుకు. ఏటేటా ఆమె గుమ్మం ముందు సంచి దించి వెళ్లే కమిటీలు ఈసారి జకాత్ లెక్కలు చూసేటప్పుడు ఆ మగ్గాల ఖరీదు కూడా విచారించాలి. అర్హతను బట్టి జకాత్ నుంచో, లేదంటే ఖర్జె హసనాగానో ఆ సొమ్ము ఆమెకు అందించాలి.