సంతను ఆపింది చట్టం కాదు



కాడికి రాని ఎద్దును సంతకు తోలుకెళ్లి, వచ్చిన డబ్బుకు కొంత అప్పు కలిపి కోడెల జత తెచ్చుకోవడం మన తాతల నాటి లెక్క. 2017 మే 23న కేంద్ర పర్యావరణ శాఖ ఒక్క గెజిట్ నోటిఫికేషన్‌తో ఆ లెక్క తలకిందులు చేసింది. సంతలో పశువును కబేళాకు అమ్మకూడదంది. ఆవులూ ఎడ్లే కాదు, గేదెలూ దూడలూ అందులోకే వచ్చాయి. కొనేవాడు తాను రైతునని కాగితం చూపాలి. ఆరు నెలల దాకా తిరిగి అమ్మకూడదు. అమ్మకం రుజువుకు ఐదు ప్రతులు కావాలి.

పశువును హింసించకూడదన్న మాటతో మనకు పేచీ లేదు. కానీ ఇది సభలో చర్చించి చేసిన చట్టం కాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద శాఖ రాసిన నిబంధన. అనవసరపు బాధ పెట్టకుండా ఆహారం కోసం పశువును కోయడం నేరం కాదని ఆ చట్టం 11వ సెక్షనే చెబుతోంది. చట్టం నేరం కాదన్నదానికి నిబంధన సంతలో దారి మూసింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు.

మరి పార్లమెంటు ఏం చేసింది? నిబంధనలను ఉభయ సభల ముందు 30 రోజులు ఉంచాలని, సభలు రెండూ ఒప్పుకుంటే మార్చవచ్చు, రద్దు చేయవచ్చని 38ఏ సెక్షన్‌లో ఉంది. అయితే నిబంధన ముందు అమలవుతుంది, సభలు తర్వాత చూస్తాయి. రద్దు చేసినా అప్పటిదాకా జరిగిందంతా చెల్లుతుంది. ఆ ఏడాది బడ్జెట్ సమావేశాలు ఏప్రిల్‌లోనే ముగిశాయి. వర్షాకాల సమావేశాలు జులై 17న మొదలయ్యాయి. ఈలోగా మే 30న మద్రాసు హైకోర్టు మదురై బెంచి స్టే ఇచ్చింది. జులై 11న సుప్రీంకోర్టు దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. మనం ఓటేసి పంపినవాళ్లు సభలో కూర్చునేలోపే కోర్టులు కలగజేసుకోవాల్సి వచ్చింది. ప్రతిసారీ కోర్టు మెట్లెక్కే స్తోమత రైతుకుందా?

శాఖలు చట్టం గీత దాటుతున్నాయా అని చూసేందుకు లోక్‌సభలో 1953 నుంచీ ఒక కమిటీ ఉంది. స్పీకర్ నియమించే 15 మంది సభ్యుల్లో మంత్రులు ఉండరు. మంచిదే. కానీ అది సిఫార్సు చేయగలదు తప్ప నిబంధనను ఆపలేదు.

అందుకే మనం రెండు కోరుతున్నాం. రైతును తాకే ప్రతి ముసాయిదానూ తెలుగులో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. అత్యవసరం కాని నిబంధనను ఈ కమిటీ చూశాకే అమలు చేయాలి.

మన వంతు పని కూడా ఉంది. ముసాయిదా వచ్చిన వెంటనే ప్రతి గ్రామ కమిటీ కూర్చుని అభ్యంతరం రాసి పంపాలి. ఒక కాపీ ఎంపీకి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఓట్లకు వచ్చినప్పుడు ఆ కాగితం ముందు పెట్టి ఒక్క మాట అడుగుదాం: “అయ్యా, సభ ముందుకొచ్చిన నిబంధనల్లో ఒక్కదానికైనా మీరు సవరణ కోరారా?”